కొలువు ముగిసే తీరు: ‘రిట్రెంచ్‌మెంట్’ నిర్వచన చరిత్ర – తెలుగు నేల అనుభవం

వ్యాససంగ్రహం

కార్మికుడు ఒక సంస్థను విడిచే సందర్భాన్ని భారత చట్టం ఏయే పేర్లతో పిలిచిందో, ఆ పేర్ల వెంట ఏయే హక్కులు వచ్చాయో, పేరు మారినప్పుడు ఏవి జారిపోయాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో చేరిన ‘రిట్రెంచ్‌మెంట్’ నిర్వచనం, దానికి చట్టమే పెట్టిన మినహాయింపులు ఇందులో ప్రధానాంశాలు. న్యాయస్థానాల దృష్టి నిర్వచనం మీద నిలవగా, కార్మికుల నిష్క్రమణ అధికంగా మినహాయింపుల దారిలోనే సాగిందన్నది ఈ వ్యాసప్రతిపాదన. వరంగల్లు, రామగుండం, సింగరేణి అనుభవాలు ఇందుకు ఆధారం.

కీలకపదాలు: ఉద్వాసన, రాజీనామా, రిట్రెంచ్‌మెంట్, లే ఆఫ్, స్వచ్ఛంద పదవీ విరమణ, అన్‌ఫిట్, 240 రోజులు

1. మాటల వెనుక

తెలుగులో ఉద్యోగాంతాన్ని సూచించే మాటలు అనేకం. వాటిలో ప్రతి మాటకూ ఒక చరిత్ర ఉంది. పత్రికలు విరివిగా వాడే ‘ఉద్వాసన’ పూజావిధికి చెందిన మాట. ఆవాహన చేసిన దేవతను పూజానంతరం సాగనంపడం ఉద్వాసన. పిలిచినవారే మర్యాదగా పంపడమన్న అర్థం పోయి, గెంటివేయడమన్న అర్థం ఎప్పుడు స్థిరపడిందో నిఘంటుకర్తలు తేల్చవలసిన విషయం. ‘బర్తరఫ్’ పారసీకం నుంచి వచ్చింది. పక్కకు తప్పించడమని దాని మూలార్థం. ‘రాజీనామా’ కూడా ఆ దారినే వచ్చింది. నామా అంటే పత్రం, రాజీ అంటే సమ్మతి. రైత్వారీ వ్యవహారంలో రైతు తన భూమిని వదులుకుంటూ రాసిచ్చే కాగితానికీ ఈ పేరే ఉండేది. సమ్మతి లేని రాజీనామా మాటవరుసకు అసంభవం. అయినా, ‘రాజీనామా చేయించారు’ అనే ప్రేరణార్థక ప్రయోగం ఈనాడు ఎవరికీ వింతగా తోచదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రయోగమే.

కార్మికుల నోట ఈ మాటలకన్నా సూటిమాటలు వినిపిస్తాయి: పనిలోంచి తీసేశారు, గేటు బయట పెట్టారు, లెక్క చూసి పంపారు. ఈ మూడూ ఒకటి కావు. మొదటిది తొలగింపు, రెండవది లాకౌట్‌కు గానీ సస్పెన్షన్‌కు గానీ దగ్గరిది, మూడవది బకాయిల చెల్లింపుతో కూడిన నిష్క్రమణ. చట్టం ఈ భేదాలను తన పరిభాషలో పట్టుకోవడానికి దాదాపు శతాబ్దకాలం పట్టింది.

2. మానేయడమే నేరమైన కాలం

ఉద్యోగం ఎలా ముగియాలన్న ప్రశ్నకు వలసపాలకులు చెప్పిన తొలి జవాబు యజమానిని ఉద్దేశించినది కాదు. 1859 నాటి 13వ చట్టం, అంటే పనివారి ఒప్పంద ఉల్లంఘన చట్టం, బయానా పుచ్చుకుని పని మానేసిన చేతిపనివారినీ కూలీలనూ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టింది. మేజిస్ట్రేటు పుచ్చుకున్న సొమ్ము తిరిగి కట్టమని గానీ, ఒప్పుకున్న పని చేయమని గానీ ఆదేశించేవాడు. ఆదేశం పాటించకపోతే మూడు నెలల వరకు జైలు. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకు ఉద్దేశించిన ఈ చట్టాన్ని తరువాత ఇతర ప్రాంతాలకూ విస్తరింపజేయగలిగారు. భారత శిక్షాస్మృతిలోని 490, 492 సెక్షన్లు కూడా కొన్ని రకాల సేవా ఒప్పందాల ఉల్లంఘనను నేరంగానే లెక్కించాయి. ఇంగ్లండులో 1875 నాటికే యజమాని–సేవకుల చట్టాల్లోని నేరశిక్షలను తొలగించారు. ఇక్కడ అవి 1925 నాటి రద్దు చట్టం వచ్చేదాకా నిలిచాయి. యాభై ఏళ్ల ఈ అంతరాన్ని పరిపాలనా జాప్యమని సరిపెట్టుకోవడం కష్టం. తోటలకు, గనులకు, ఓడరేవులకు కావలసిన శ్రమను బయానా తాడుతో కట్టి ఉంచడం వలస ఆర్థిక వ్యవస్థకు అవసరమైంది.

తెలుగు తీరం నుంచి బర్మాకు వెళ్లిన కూలీల అనుభవం ఇందుకు దగ్గరిది. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో ‘కోరంగీలు’ అనిపించుకున్న వీరిని మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవారు. ఓడ ఖర్చు, తిండి ఖర్చు, అడ్వాన్సు కలిసి ఒక బాకీ. అది తీరితే తప్ప పని ముగిసినట్టు కాదు. చట్టం రద్దయినా ఈ పద్ధతి రద్దు కాలేదు. పాలమూరు వలస కూలీల జీవితంలో గుంపు మేస్త్రి, అడ్వాన్సు అనే రెండు మాటలు స్వాతంత్ర్యానంతరం దశాబ్దాలపాటు కొనసాగాయి. పనినుంచి తప్పుకునే స్వేచ్ఛ ఇక్కడ చట్టాన్ని దాటి బాకీ లెక్కల చేతిలో పడింది.

మరి యజమాని మాటేమిటి? ఒప్పందం ప్రకారం నోటీసిచ్చో, నోటీసుకాలపు జీతమిచ్చో పంపివేయవచ్చు. అన్యాయంగా పంపాడని తేలినా, వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడం సివిలు న్యాయస్థానం పని కాదని 1877 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం చెప్పింది. నష్టపరిహారం దొరకవచ్చు గాని ఉద్యోగం దొరకదు. ఆ నష్టపరిహారమూ చాలా సందర్భాల్లో నోటీసు జీతంతో సమానం.

1918 ఏప్రిల్‌లో బి.పి. వాడియా అధ్యక్షతన ఏర్పడిన మద్రాసు లేబర్ యూనియన్ ముందున్న పరిస్థితి ఇదే. పెరంబూరు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికుల మధ్య ఆ సంఘానికి పునాది వేసినవారిలో గుడియాత్తం రామానుజులు నాయుడు, జి. సెల్వపతి చెట్టి ఉన్నారు. సంఘంలో చేరినందుకు పని పోతే అడిగే వేదిక అప్పటికి లేదు. సమ్మె, లాకౌట్ల తరువాత ఎవరిని తిరిగి తీసుకోవాలన్నది యాజమాన్యం ఇష్టం. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘానికి గుర్తింపునిచ్చిందే గాని, సంఘసభ్యుని కొలువుకు రక్షణ ఇవ్వలేదు.

3. తిరిగి తీసుకోమనే అధికారం

1946లో వచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, ఉద్యోగం ముగింపుకు సంబంధించిన నియమాలను ముందుగానే రాసిపెట్టి ధ్రువీకరింపజేసుకోవాలని పరిశ్రమలను ఆదేశించింది. మరుసటి ఏడాది పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడ్డ ట్రిబ్యునల్, తీసేసిన కార్మికుణ్ణి తిరిగి పనిలో పెట్టుకోమని ఆదేశించగలదా అన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. 1949లో వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ కేసులో ఫెడరల్ కోర్టు ఆదేశించగలదని తేల్చింది. సామాన్య ఒప్పంద న్యాయం ఇవ్వలేని ఉపశమనాన్ని పారిశ్రామిక న్యాయం ఇవ్వవచ్చునన్న ఈ తీర్పుకు మన కార్మిక చరిత్ర గ్రంథాల్లో దక్కవలసినంత స్థానం దక్కలేదని నా అభిప్రాయం. తరువాతి డెబ్బై ఏళ్ల వ్యాజ్యాలన్నీ ఆ తలుపులోంచి లోపలికి వచ్చినవే.

అయితే ఆ తలుపు దాకా వెళ్లడానికి ప్రభుత్వం ‘రిఫరెన్సు’ పంపాలి. ఒంటరి కార్మికుని తొలగింపు దానంతటదే ‘పారిశ్రామిక వివాదం’ అనిపించుకోవడానికి 1965లో 2–ఏ సెక్షను చేరవలసి వచ్చింది. ఆ తరువాత కూడా రిఫరెన్సు కోసం కార్మికశాఖ కార్యాలయం చుట్టూ తిరగక తప్పలేదు. 1987లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర సవరణ ద్వారా, తొలగింపుకు గురైన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలు కల్పించింది. కేంద్రం అదే పని చేసింది 2010లో. ఇరవై మూడేళ్లు ముందున్న ఈ సవరణ గురించి తెలుగులో వచ్చిన చర్చ చాలా స్వల్పం.

4. ‘ఏ కారణం చేతనైనా సరే’

1953లో జౌళి మిల్లుల్లో సరుకు పేరుకుపోయి కార్మికులకు పని లేకుండా పోయింది. అప్పటి కేంద్ర కార్మికమంత్రి వి.వి. గిరి. గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన తెలుగువాడు, రైల్వే కార్మికసంఘాల్లో పండిన మనిషి. పరిశ్రమలో తగవులు న్యాయస్థానం కన్నా ఉభయపక్షాల చర్చతోనే తీరాలన్నది ఆయన మతం. అటువంటి మంత్రి హయాంలోనే, ఆ ఏడాది అక్టోబరు 24న ఆర్డినెన్సు రూపంలో, తరువాత చట్టంగా, లే ఆఫ్‌కూ రిట్రెంచ్‌మెంట్‌కూ శాసనబద్ధ పరిహారం వచ్చింది. లే ఆఫ్ అంటే సంబంధం తెగకుండానే తాత్కాలికంగా పని లేకపోవడం. దానికి సగం వేతనం పరిహారం. రిట్రెంచ్‌మెంట్ అయితే, ఏడాది నిరంతర సేవ ఉన్న కార్మికునికి నెల నోటీసు లేదా నెల జీతం, నిండిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది సేవగా లెక్క. చివర చేరినవాణ్ణి ముందుగా పంపాలి. మళ్లీ మనుషులు కావలసి వస్తే పంపినవారికి మొదటి అవకాశం ఇవ్వాలి. మరుసటి ఏడాదే బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు గిరి మంత్రిపదవి వదులుకున్నారు. రాజీనామా అన్న మాటకు మూలార్థంలో చెల్లే ఉదాహరణ అది.

నిర్వచనం ఇలా ఉంది: క్రమశిక్షణా చర్యగా వేసే శిక్ష మినహా, ‘ఏ కారణం చేతనైనా సరే’ యజమాని కార్మికుని సేవను ముగించడం రిట్రెంచ్‌మెంట్. మూడు మినహాయింపులు: స్వచ్ఛంద విరమణ, ఒప్పందంలో వయోపరిమితి ఉంటే ఆ వయసున విరమణ, ఎడతెగని అనారోగ్యం కారణంగా ముగింపు.

‘ఏ కారణం చేతనైనా సరే’ అన్న మాటను ఉన్నదున్నట్టు చదివితే దాని పరిధి చాలా విశాలం. కాని రిట్రెంచ్‌మెంట్ అనే ఆంగ్లపదానికి వాడుకలో ఉన్న అర్థం సంకుచితం. నడుస్తున్న పరిశ్రమలో అదనంగా ఉన్నవారిని తగ్గించడం. నిర్వచనం గెలవాలా, వాడుక గెలవాలా? దాదాపు నలభై ఏళ్లు సుప్రీంకోర్టు ఈ రెండింటి మధ్యా ఊగింది.

మొదటి ఘట్టం బార్సీ లైట్ రైల్వేది. ప్రైవేటు కంపెనీ నడిపిన ఈ చిన్న రైల్వేను 1954 జనవరి 1 నుంచి ప్రభుత్వం కొనుక్కుంది. 1953 నవంబరు 11న కంపెనీ తన కార్మికులందరికీ నోటీసిచ్చింది: డిసెంబరు 31 మధ్యాహ్నంతో మీ సేవలు ముగుస్తాయి, ఇష్టమున్నవారిని ప్రభుత్వం తన షరతుల మీద తీసుకోదలచింది. అవే పట్టాలు, అవే ఇంజన్లు, చాలావరకు అవే చేతులు. యజమాని మాత్రమే మారాడు. ఇది రిట్రెంచ్‌మెంటేనా? 1956 నవంబరు 27న హరిప్రసాద్ శివశంకర్ శుక్లా కేసులో రాజ్యాంగ ధర్మాసనం కాదన్నది. అదే తీర్పులో బరోడాలో మూతపడ్డ దినేశ్ మిల్లు కార్మికులకూ అదే సమాధానం దొరికింది. నిర్వచనం ఎంత విశాలంగా కనిపించినా, అది నడుస్తున్న పరిశ్రమలోని అదనపు మనుషుల గురించే మాట్లాడుతుంది. పరిశ్రమే మూతపడితే, చేతులు మారితే, ఆ మాట అక్కడ పొసగదు. దీనికి నెల ముందే పిప్రాయిచ్ చక్కెర మిల్లు కేసులో జస్టిస్ వెంకటరామ అయ్యర్ ఇదే దారి చూపారు.

తర్కంగా చూస్తే తీర్పులో బలముంది. ఫలితం చూస్తే, ఒకరిద్దరిని పంపినందుకు పరిహారం ఉండి, అందరినీ ఒకేసారి పంపినందుకు లేకుండా పోయింది. పార్లమెంటు ఈ వైపరీత్యాన్ని వెంటనే గుర్తించింది. 1957లో యాజమాన్య బదిలీకీ మూసివేతకూ వేర్వేరు సెక్షన్లు చేర్చి, వాటిని తీర్పు మరునాటి నుంచి, అంటే 1956 నవంబరు 28 నుంచి వర్తింపజేసింది. ఆ చట్టంలో ఆ తేదీ తీర్పు గాయపు మచ్చలా మిగిలింది. అయితే ఆ మచ్చ అంచున ఒక వెసులుబాటు ఉంది: మూసివేత యజమాని చేతిలో లేని కారణాల వల్ల జరిగితే పరిహారం మూడు నెలల సగటు వేతనానికి మించదు. ఆర్థిక ఇబ్బందులు, అమ్ముడుపోని సరుకు అటువంటి కారణాలు కావని వివరణ కూడా చేర్చారు.

రెండవ ఘట్టం 1976. స్టేట్ బ్యాంకులో తొమ్మిది రోజులకని తీసుకున్న ఒక తాత్కాలిక ఉద్యోగి సుందర మణి కేసులో కక్షిదారు. నియామకపత్రంలోనే గడువు ఉంది, గడువు తీరగానే కొలువు తనంతట తానే ముగిసింది, మేం తీసేయలేదన్నది బ్యాంకు వాదన. అంతకుముందు దఫదఫాలుగా చేసిన పనిని కలిపితే 240 రోజులు దాటుతాయి. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, సేవ ఎలా ముగిసినా ముగిసిందా లేదా అన్నదే ప్రశ్న అన్నారు. ముగింపును ముందే రాసిపెట్టుకున్నంత మాత్రాన అది యజమాని చర్య కాకుండా పోదు. ఇరవై ఏళ్ల నాటి రాజ్యాంగ ధర్మాసనపు తీర్పుతో ఇది ఎలా పొసగుతుందన్న అనుమానం న్యాయవాదుల్లో మిగిలింది.

ఆ తరువాతి తీర్పుల్లో ఒక తెలుగు న్యాయమూర్తి పాత్ర ప్రధానం. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 1980లో సంతోష్ గుప్తా కేసులోనూ, సురేంద్రకుమార్ వర్మ కేసులోనూ విశాలార్థాన్నే నిలబెట్టారు. అన్నం పెట్టే చట్టాలను చదివేటప్పుడు మాటల సొగసులతో కాలక్షేపం తగదన్నది ఆయన వైఖరి. నిబంధన పాటించని తొలగింపు చెల్లదు గనుక సాధారణంగా పునర్నియామకమే ఫలితం కావాలన్నారు. చివరకు 1990 మేలో పంజాబ్ ల్యాండ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం అక్షరార్థానికే ముద్ర వేసింది. శిక్ష కానిది, మినహాయింపుల్లో లేనిది అయితే, యజమాని చేసే ప్రతి ముగింపూ రిట్రెంచ్‌మెంటే.

కార్మికపక్షం గెలిచినట్టు కనిపించిన ఆ నాటికే ఆట మరోచోటికి మారింది. 1984లో పార్లమెంటు నిర్వచనంలో (బిబి) అనే నాలుగవ మినహాయింపు చేర్చింది. గడువుతో కూడిన ఒప్పందాన్ని పునరుద్ధరించకపోవడం, ఒప్పందంలోని షరతు ప్రకారం దాన్ని ముగించడం ఇక రిట్రెంచ్‌మెంట్ కావు. సుందర మణి కేసులో బ్యాంకు ఓడిపోయిన వాదన ఎనిమిదేళ్లలో శాసనమైంది.

5. అనుమతి అనే ఆనకట్ట

అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, మూడు వందలు అంతకుమించి కార్మికులున్న కర్మాగారాలు, గనులు, తోటలు మనుషులను తగ్గించాలన్నా మూసివేయాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. మూసివేతకు సంబంధించిన సెక్షనును 1978లో ఎక్సెల్ వేర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. లోపాలు సవరించి పార్లమెంటు దాన్ని 1982లో తిరిగి తెచ్చింది. అప్పుడే పరిమితిని వందకు దించింది. ఈ అధ్యాయం మీద ఆర్థికశాస్త్రజ్ఞులు రాసినంతగా మరే కార్మిక నిబంధన మీదా రాయలేదు గనుక ఇక్కడ విస్తరించను. మన చర్చకు కావలసినది ఒక్కటే: ముందు ద్వారానికి తాళం పడేసరికి పక్కద్వారాల విలువ పెరిగింది.

6. మూడు పక్కద్వారాలు

1953 నాటి మూడు మినహాయింపులను ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. తెలుగు నేల మీద ఆ మూడూ మూడు చరిత్రలయ్యాయి.

మొదటిది స్వచ్ఛంద విరమణ. 1988 అక్టోబరులో కేంద్రం ప్రభుత్వరంగ సంస్థలకు పథకం రూపొందించింది. నిండిన ప్రతి ఏడాదికీ నెలన్నర వేతనం, లేదా మిగిలిన నెలల వేతనం, ఏది తక్కువైతే అది. 1991 పారిశ్రామిక విధానం తరువాత, 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి ఏర్పడింది. కార్మికులకు కొత్త పనుల్లో శిక్షణ ఇవ్వడం దాని ప్రకటిత లక్ష్యాల్లో ఒకటి. ఆచరణలో నిధుల్లో అత్యధికభాగం విరమణ చెల్లింపులకే పోయింది. చట్టబద్ధ పరిహారం ఏడాదికి పదిహేను రోజులు, పథకం ఏడాదికి నలభై అయిదు రోజులు. ఆ ముప్పై రోజుల తేడాయే సమ్మతికి కట్టిన వెల.

వరంగల్లు ఆజంజాహీ మిల్లు 1934లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఆయన కుమారుని పేరుతో మొదలైంది. తరువాత నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ అధీనంలోకి వెళ్లి, నష్టాల్లో కూరుకుపోయి, 2002లో మూతపడింది. మిల్లుతోపాటు క్వార్టర్లు, దుకాణాలు, సంఘ కార్యాలయం కలిసి ఒక ఊరు. అటువంటి చోట కొలువు ముగియడమంటే జీతం ఆగడమొక్కటే కాదు, ఇల్లు ఖాళీ చేయడం కూడా. మిల్లు స్థలంలో ఇళ్లజాగాల కోసం మాజీ కార్మికులు ఏళ్లతరబడి చేసిన పోరాటం ఈ కోణంలోంచి చూస్తేనే అర్థమవుతుంది. విరమణ పథకపు లెక్కలో ఇంటికి పద్దు లేదు.

రామగుండం ఎరువుల కర్మాగారంలో 1999లో ఉత్పత్తి నిలిచిపోయింది. ఫెర్టిలైజర్ కార్పొరేషన్ యూనిట్లను మూసివేయాలన్న నిర్ణయం 2002లో వెలువడింది. ఆ కార్పొరేషన్ అధికారులు వేసిన వేతనసవరణ వ్యాజ్యంలోనే, ఎ.కె. బిందాల్ కేసుగా పేరొందిన 2003 నాటి తీర్పు వచ్చింది. స్వచ్ఛంద విరమణ సొమ్ము పుచ్చుకుని వెళ్లినవారు ఆ తరువాత పాత సేవాకాలపు వేతనసవరణను అడగలేరని సుప్రీంకోర్టు తేల్చింది. అధికమొత్తం ఇచ్చేది సంబంధం సంపూర్ణంగా తెగిపోవడానికే కదా అన్నది ఆధారం. యంత్రాలు ఆగిపోయిన కర్మాగారంలో, ఇతర దారి కనబడని చోట, సంతకం ఎంత స్వచ్ఛందమన్న ప్రశ్నకు చట్టం చోటివ్వదు. మొదటి మినహాయింపులోని ‘స్వచ్ఛంద’ విశేషణాన్ని న్యాయస్థానాలు పరీక్షించిన సందర్భాలు ‘ఏ కారణం చేతనైనా సరే’ను పరీక్షించిన వాటి ముందు అత్యల్పం.

రెండవది వయసు. దీనికి కంపెనీ ఉదాహరణ కన్నా ప్రభుత్వ ఉదాహరణే ప్రసిద్ధం. 1983 ఫిబ్రవరి 8న, అధికారంలోకి వచ్చి నెల తిరగకముందే, ఎన్.టి. రామారావు ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు దించింది. ఆ పరిధిలోని ఉద్యోగుల్లో 55 దాటినవారంతా నెలాఖరుకు ఇంటికి. ఒకే సాయంత్రం వేలమంది. ప్రభుత్వోద్యోగులతోపాటు రాష్ట్ర ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు కూడా వీరిలో ఉన్నారు. 1984 ఆగస్టు 23న వయసు తిరిగి 58 అయింది. దించడం చెల్లుతుందని 1985 జనవరిలో కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. మధ్యలో వెళ్లినవారిని పెంపునుంచి వెలివేయడం చెల్లదని అదే ఏడాది బి. ప్రభాకరరావు కేసులో అన్నది. ఆ తీర్పు రాసినవారూ చిన్నపరెడ్డిగారే. ఒకే ఉద్యోగి రెండేళ్లలో విశ్రాంత ఉద్యోగిగానూ, తిరిగి ఉద్యోగిగానూ మారగలిగిన ఆ ఉదంతంలో వయసు అనేది ప్రకృతి విషయం కాదని, ఒక ఉత్తర్వు సంఖ్య అని అందరికీ తెలిసివచ్చింది.

మూడవది అనారోగ్యం. సింగరేణి కుటుంబాల్లో ‘అన్‌ఫిట్’ అన్న మాటకు ఉన్న బరువు బయటివారికి అంత సులభంగా అందదు. భూగర్భంలో పనికి పనికిరాడని వైద్యమండలి తేల్చిన కార్మికుని స్థానంలో అతని వారసునికి కొలువు దొరికే సంప్రదాయం అక్కడ ఉంది. ఆరోగ్యంగానే ఉన్నా స్వచ్ఛందంగా దిగిపోయి వారసుణ్ణి నిలబెట్టే పథకాన్ని 2017లో హైకోర్టు సమానావకాశ సూత్రానికి విరుద్ధమని కొట్టివేసింది. అప్పటినుంచి మిగిలిన దారి వైద్యమండలిదే, కారుణ్య నియామకం పేరుతో. న్యాయస్థానపు తర్కం కాదనలేనిది. గనికి ఆవలివైపు నిలబడ్డ నిరుద్యోగ యువకునికీ ఆ కొలువు మీద హక్కుంది. కాని ఫలితంగా తండ్రి జబ్బు ఇంటికి ఆస్తి అయింది. నిర్వచనంలో పరిహారం లేని మినహాయింపుగా ఉన్నదాన్ని ఒక కార్మిక సమాజం తన బేరసారాల బలంతో కొలువుకు దారిగా మలచుకున్న తీరు, చట్టపుస్తకాల్లో కనిపించని చరిత్ర.

7. ఎనిమిది రోజులు

యజమాని తీసేయనూ లేదు, కార్మికుడు మానేయనూ లేదు. అయినా కొలువు పోయింది. స్టాండింగ్ ఆర్డర్లలో ఎనిమిది రోజులకు మించి సెలవు లేకుండా రాకపోతే ‘ఉద్యోగం వదిలినట్టే’ అన్న నిబంధన అనేక మిల్లుల్లో ఉండేది. పెరంబూరు బకింగ్‌హాం మిల్లు కార్మికుడొకరు సెలవు ముగిశాక రాలేదు. తరువాత జబ్బుపడ్డానని ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చినా, నిబంధన నిబంధనే అని 1963లో సుప్రీంకోర్టు యాజమాన్యాన్ని సమర్థించింది. ముప్పై ఏళ్ల తరువాత, 1993లో, డి.కె. యాదవ్ కేసులో జస్టిస్ కె. రామస్వామి దీనికి భిన్నమైన దారి పట్టారు. జీవికను తీసేసే ముందు మనిషి మాట వినడం రాజ్యాంగం 21వ అధికరణంలో భాగం. ‘వదిలినట్టే’ అన్న ఊహ ఆ వినికిడికి ప్రత్యామ్నాయం కాదు. ఆ కార్మికుణ్ణి సగం బకాయి వేతనంతో తిరిగి తీసుకోమన్నారు.

ఇదే సూత్రాన్ని సమ్మతి లేని రాజీనామాకు విస్తరించి ఉంటే కథ మరోలా ఉండేదేమో. ముందే టైపు చేసిన రాజీనామా పత్రం మీద సంతకం పెట్టించడం హైదరాబాదు సాఫ్ట్‌వేరు సంస్థల సందర్భంలో కార్మికశాఖకు వస్తున్న ఫిర్యాదుల సారం. ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, నెల నోటీసు లేకుండా తీసేయరాదని 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షను చెబుతూనే ఉంది. రాజీనామా చేసినవానికి ఆ సెక్షను అక్కరకు రాదు. అనుభవపత్రం, రిలీవింగ్ లెటరు కావాలనుకునే యువ ఉద్యోగి సంతకం చేస్తాడు. 1859లో బయానా చేసిన పనిని ఇక్కడ ఆ రిలీవింగ్ లెటరు చేస్తున్నదంటే అతిశయోక్తి కావచ్చు గాని, పూర్తిగా అసత్యం కాదు.

8. రుజువు భారం

2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనుమతి పరిమితిని తిరిగి మూడు వందలకు చేర్చింది. గడువు నియామకం ముగియడం రిట్రెంచ్‌మెంట్ కాదని నిర్వచనంలోనే సూటిగా రాసింది. తొమ్మిది రోజుల బ్యాంకు ఉద్యోగి ఈ కోడ్ కింద వస్తే మొదటి వాయిదాలోనే ఓడిపోవచ్చు.

అయితే 1953 నాటి 240 రోజుల లెక్క మాత్రం అలాగే మిగిలింది. ఆ లెక్క ఎవరు రుజువు చేయాలి? 2002లో హదిమని కేసులో సుప్రీంకోర్టు కార్మికుడే చేయాలన్నది; తాను పనిచేశానని అఫిడవిట్టులో చెప్పుకుంటే చాలదు, వేతన రసీదో నియామకపత్రమో చూపాలి. మస్టరు రోలు యజమాని బీరువాలో ఉంటుంది. గుంపు మేస్త్రి కింద పనిచేసినవానికి రసీదు ఉండదు. మూతపడ్డ మిల్లులో బీరువా కూడా ఉండదు. ఉద్యోగాంత చరిత్ర రాయబూనిన పరిశోధకునికీ ఇదే చిక్కు; కంపెనీ కాగితాలు తుక్కు కింద పోయినచోట, తీసివేతకు గురైన మనిషి లేబర్ కోర్టులో వేసిన దరఖాస్తు, దానికి జతచేసిన నలిగిన గుర్తింపు కార్డు, పి.ఎఫ్. చీటీ మాత్రమే ఆధారాలుగా మిగులుతాయి. ఆ దస్త్రాలనూ నిర్ణీత కాలం తరువాత నాశనం చేసే నిబంధన న్యాయస్థానాల్లో ఉంది. వరంగల్లు, గోదావరిఖని, హైదరాబాదు లేబర్ కోర్టుల దస్త్రాల మీద పని చేయదలచినవారు ఆ గడువుకన్నా ముందే అక్కడికి వెళ్లాలి.